క్రైస్ట్‌చర్చ్ కాల్పుల తర్వాత న్యూజిలాండ్ చూపించిన దయ నిజమేనా, ఫోటోలకేనా?

పుల్లట్టు అడిగిన ప్రశ్న:

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా బావకీ నాకూ గట్టి వాదన అయింది. టీవీలో ఏదో దాడి వార్త వస్తుంటే నేను ఊరుకోకుండా 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిగినప్పుడు న్యూజిలాండ్ వాళ్ళు ఎంత బాగా నిలబడ్డారో చూడండి అన్నాను. బావ పప్పన్నం కలుపుకుంటూనే "ఆ ప్రధాని తలమీద చున్నీ కప్పుకుని ఒకావిణ్ణి కౌగిలించుకున్న ఫోటో తప్ప నీకు ఇంకేం గుర్తుందో చెప్పు చూద్దాం" అన్నాడు. నిజంగానే ఇంకేం గుర్తు రాలేదు. అక్కయ్య కూడా నవ్వింది, అది ఇంకా మండింది.

బావ వాదన ఏంటంటే దాడి జరిగిన దేశం పళ్ళు కొరకాలి గానీ పూలు పెట్టకూడదు, పూలు పెడితే చులకనైపోతాం, ఆ దేశం చిన్నది కాబట్టి ఏదో షో చేసుకుని బయటపడింది అని. నాకు అలా అనిపించట్లేదు, కానీ చెప్పడానికి చేతిలో సరుకు లేదు. అక్కడ ఉన్నవాళ్ళు, విషయం తెలిసినవాళ్ళు చెప్పండి. ఫోటో తర్వాత ఏం జరిగింది? దెబ్బ తిన్నవాళ్ళకి ఏమైనా ఒరిగిందా? దయచేసి మతాల గొడవలోకి లాగకండి, అది మా ఇంట్లోనే బోలెడంత అయింది.

దక్షిణ ద్వీపం:

నేను అప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లోనే ఉన్నాను అండి, ఇప్పుడు ఆక్లాండ్ మారిపోయాం. 2019 మార్చి 15, శుక్రవారం. ఆ రోజు పొద్దున్న మా పెద్దమ్మాయి స్కూల్ పిల్లలందరూ వాతావరణం మీద సమ్మె అని ఊరి నడిబొడ్డున కెథడ్రల్ స్క్వేర్‌కి అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం రెండు కాకముందే హాగ్లీ పార్క్ పక్కన డీన్స్ అవెన్యూలో ఉన్న అల్ నూర్ మసీదులో, తర్వాత లిన్‌వుడ్ ఇస్లామిక్ సెంటర్‌లో కాల్పులు. ఊళ్ళో స్కూళ్ళన్నీ లాక్‌డౌన్. కరోనా రాకముందు నేను ఆ మాట మొదటిసారి విన్నది ఆ రోజే. సాయంత్రం దాకా పిల్లల్ని బయటికి వదల్లేదు, మేము కార్లలో కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉండిపోయాం.

మన క్రికెట్ పిచ్చోళ్ళకి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది, బంగ్లాదేశ్ టీమ్ మర్నాడు హాగ్లీ ఓవల్‌లో టెస్ట్ ఆడాలి, వాళ్ళ బస్సు నమాజు కోసం సరిగ్గా ఆ మసీదు దగ్గరికే వచ్చింది. ఇంకొన్ని నిమిషాలు ముందొచ్చి ఉంటే లోపలే ఉండేవాళ్ళు. ఆ టెస్ట్ రద్దయింది.

మొత్తం 51 మంది పోయారు. అల్ నూర్‌లో 44, లిన్‌వుడ్‌లో 7. అందరిలోకీ చిన్నవాడికి మూడేళ్ళు.

మీ బావగారు పూల మాట అన్నారు కాబట్టి పూల గురించే చెప్తాను. బొటానిక్ గార్డెన్స్ గోడ పొడుగునా రోల్‌స్టన్ అవెన్యూలో పూలు పేరుకుపోయాయి, నడవడానికి సందు లేనంత. నేను కూడా పెట్టాను. నిజం ఒప్పుకోవాలి, పెట్టినప్పుడు నాకూ కొంచెం సిగ్గేసింది, దీనివల్ల ఎవరికేం ఉపయోగం అని. కానీ ఆ వారంలో బాధిత కుటుంబాలకి అసలు అవసరమైనది వేరే, వాళ్ళ వాళ్ళ దేహాలు. ఇస్లాంలో వీలైనంత త్వరగా ఖననం చేయాలి కదా, గుర్తింపు, పోస్టుమార్టం అన్నీ అయ్యేసరికి రోజులు పట్టింది, మొదటి ఖననాలు బుధవారం గానీ మొదలవలేదు. ఆ ఎదురుచూపు భయంకరం. హాగ్లీ కాలేజీని కుటుంబాల కోసం సహాయ కేంద్రంగా మార్చారు, మా ఆఫీసులో ఒకావిడ రోజూ సాయంత్రం అక్కడికి హలాల్ వంట గిన్నెలు మోసుకెళ్ళేది. కెమెరాలు ఎక్కువగా పూల గోడ దగ్గరే ఉండేవి.

వారం తర్వాత, 22వ తేదీ శుక్రవారం, మసీదుకి ఎదురుగా హాగ్లీ పార్క్‌లోనే నమాజు పెట్టారు. దాదాపు ఇరవై వేల మంది వచ్చారు. అజాన్ దేశమంతా టీవీలో, రేడియోలో ప్రసారం చేశారు, తర్వాత రెండు నిమిషాల మౌనం. మా వీధిలో అసలు ఏ మతం గొడవా పట్టని తెల్లవాళ్ళు, మామూలుగా పలకరిస్తే వాతావరణం, రగ్బీ తప్ప మాట్లాడని మనుషులు, గేట్ల దగ్గర తలొంచుకుని నిలబడ్డారు. స్థానిక పేపర్ ద ప్రెస్ ఆ రోజు మొదటి పేజీలో అరబిక్‌లో సలాం అని వేసింది. ఆ రోజు ఇమాం, తనే ఆ కాల్పుల్లోంచి బయటపడిన మనిషి, మా గుండెలు పగిలాయి గానీ మేము విరిగిపోలేదు అన్నారు. ఆ మాట చెప్పింది దెబ్బ తిన్నవాడు, ప్రధాని కాదు. అది మీ బావగారికి చెప్పండి.

కొత్తిమీర కట్ట:

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. దయ చూపించి ఏం లాభం, అదే న్యూజిలాండ్‌లో 2021లో ఐసిస్ అభిమాని ఒకడు ఆక్లాండ్ సూపర్‌మార్కెట్‌లో కత్తి తీసుకుని జనాన్ని పొడిచాడు కదా? దానికేమంటారు?

ప్లీడరు గారబ్బాయి:

కొత్తిమీర గారూ, దానికీ సమాధానం ఉంది, కాస్త ఆగండి, ముందు అసలు ప్రశ్న.

పుల్లట్టు గారూ, మీ బావ "పళ్ళు కొరకాలి" అన్నాడు కదా, వాళ్ళు కొరికారు, కాకపోతే తుపాకుల మీద. నేను వెల్లింగ్టన్‌లో లా చదివాను, అక్కడి మా సార్లు ఈ చట్టం గురించి చెప్పి చెప్పి మా చెవులు చిల్లులు పడ్డాయి. హంతకుడు ఆస్ట్రేలియా వాడు. 2017లో న్యూజిలాండ్‌లో మామూలు తుపాకి లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఆ లైసెన్స్ ఇచ్చేటప్పుడు వాడి గురించి సాక్ష్యం చెప్పింది ఎవరో తెలుసా, ఆన్‌లైన్‌లో గేములాడే ఒక ఫ్రెండు, ఆ ఫ్రెండు వాళ్ళ ఇంట్లో పెద్దాయన. సొంత ఇంటివాళ్ళని అడగలేదు. ఆ మామూలు లైసెన్స్‌తోనే సెమీ ఆటోమేటిక్ తుపాకి కొనుక్కుని, దానికి ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు తగిలించుకోవచ్చు, అదీ అప్పటి చట్టంలో కన్నం.

కాల్పులు జరిగిన మర్నాడే ప్రధాని జెసిండా ఆర్డర్న్ మన తుపాకి చట్టాలు మారతాయి అని చెప్పింది. ఆరో రోజున మిలిటరీ తరహా సెమీ ఆటోమేటిక్‌ల నిషేధం ప్రకటించింది. ఏప్రిల్ 10న పార్లమెంటులో 119 ఓట్లు అటు, ఒక్క ఓటు ఇటు. నెల కూడా కాలేదు. ఆ తర్వాత ప్రభుత్వమే డబ్బు కట్టి జనం దగ్గరున్న తుపాకులు వెనక్కి తీసుకుంది, డిసెంబరు 20 గడువుకల్లా 56 వేలకు పైగా తుపాకులు వచ్చాయి. రైతులు, వేటగాళ్ళు వరుసలో నిలబడి ఇచ్చారు. కొంతమంది తిట్టుకుంటూ ఇచ్చారు, అదీ నిజమే.

రెండోది, పేరు. మార్చి 19న పార్లమెంటు ఒక ఇమాం ఖురాన్ పఠనంతో మొదలైంది, ఆర్డర్న్ అస్సలాము అలైకుం అని మొదలుపెట్టి, వాడి పేరు నా నోట ఎప్పటికీ వినరు, పోయినవాళ్ళ పేర్లు చెప్పుకోండి అంది. నేనూ అందుకే రాయట్లేదు. ఇది సెంటిమెంటు అనుకుంటాం గానీ వాడు ఆ ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టింది పేరు కోసమే కదా. మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో కాపీలు 15 లక్షలు తీసేశామని ఫేస్‌బుక్కే చెప్పింది. న్యూజిలాండ్ సెన్సార్ ఆ వీడియోని, వాడు రాసిన చెత్తనీ నిషేధించింది, దగ్గర ఉంచుకున్నా నేరమే. వీడియో పంచినందుకు జైలుకి పోయినవాళ్ళున్నారు. మే 15న ఆర్డర్న్ పారిస్ వెళ్ళి మాక్రాన్‌తో కలిసి, ఇలాంటి తీవ్రవాద వీడియోలు ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపేందుకు క్రైస్ట్‌చర్చ్ కాల్ అని దేశాలనీ టెక్ కంపెనీలనీ ఒకచోట కూర్చోబెట్టింది. దానివల్ల ఎంత మారిందంటే నేను పెద్దగా ఏం చెప్పను, సోషల్ మీడియా చూస్తున్నాం కదా.

ఇక శిక్ష. 2020 ఆగస్టులో నాలుగు రోజుల విచారణ, 91 మంది బాధితులు, కుటుంబ సభ్యులు వాడి ముందు నిలబడి మాట్లాడారు. కొందరు క్షమించామన్నారు, కొందరు ఎప్పటికీ క్షమించం అని మొహం మీదే అన్నారు. జడ్జి రెండు రకాల వాళ్ళనీ వినిపించనిచ్చాడు. పెరోల్ లేని యావజ్జీవం వేశాడు, ఆ దేశంలో అలాంటి శిక్ష అదే మొదటిసారి. దయ అంటే హంతకుడి మీద దయ అని మీ బావ అనుకుంటున్నాడేమో.

కొత్తిమీర గారూ, మీరన్న సూపర్‌మార్కెట్ దాడి 2021 సెప్టెంబరు 3, లిన్‌మాల్‌లో. పోలీసులు వాణ్ణి ముందునుంచీ వెంబడిస్తూనే ఉన్నారు, కత్తి తీసిన ఒకట్రెండు నిమిషాల్లోనే కాల్చి చంపారు. చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ సాయంత్రమే ఆర్డర్న్ ఇది ఒక్క మనిషి చేసిన పని, ఒక మతం కాదు అంది. దాడికి ప్లాన్ వెయ్యడం కూడా నేరమే అనే చట్టాన్ని ఆ నెలలోనే పాస్ చేశారు. ఈ రెండూ ఒకే ప్రభుత్వం ఒకే నెలలో చేసింది, ఒకటి చేస్తే ఇంకోటి చెయ్యకూడదని ఎవరు చెప్పారు?

నిద్రలేని నర్స్:

నేను కొంచెం చేదు మాట్లాడతాను, తిట్టుకోకండి. న్యూజిలాండ్‌లో పదకొండేళ్ళుగా నర్స్‌ని.

ఇంతమంది పొగిడేస్తుంటే మధ్యలో ఒక ప్రశ్న మింగేస్తున్నాం, ముందెందుకు వినలేదు? కాల్పులకి ఏళ్ళ ముందునుంచే ముస్లిం మహిళల మండలి వాళ్ళు ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగి, మా ఆడపిల్లల్ని వీధుల్లో వేధిస్తున్నారు, ద్వేషం పెరుగుతోంది అని చెప్పుకున్నారు. ఈ దాడి మీద వేసిన రాయల్ కమిషన్ (విచారణ సంఘం) 2020 డిసెంబరులో ఇచ్చిన రిపోర్టు గూఢచారి సంస్థలు తమ దృష్టంతా ఇస్లామిక్ తీవ్రవాదం మీదే పెట్టాయని, పోలీసుల లైసెన్స్ పని సరిగ్గా జరగలేదని రాసింది. కాకపోతే అవి సరిగ్గా ఉన్నా వీణ్ణి కచ్చితంగా పట్టుకునేవాళ్ళం అని కూడా చెప్పలేదు. ఆర్డర్న్ క్షమాపణ చెప్పింది, 44 సిఫార్సులూ ఒప్పుకుంటామంది. సరే. ద్వేష ప్రసంగాల చట్టం సంగతి చూస్తే 2021లో ప్రతిపాదించి, గోల అయ్యాక 2023లో పక్కన పెట్టేశారు.

"వాళ్ళే మనం" అనే మాట మొదటి రోజు ప్రధాని అన్నది, అద్భుతమైన మాట, నేనూ ఏడ్చాను. దానితో పాటే "ఇది మనం కాదు" అని కూడా అందరూ అన్నారు. అప్పుడు మా వార్డులో ఒక మావోరి (ఇక్కడి మూలవాసి) ఆవిడ నెమ్మదిగా, మా తాతల భూములు ఎలా పోయాయో తెలిస్తే ఆ మాట అనేవాళ్ళు కాదు అంది. నాకు అప్పట్లో సమాధానం దొరకలేదు.

ఇంకోటి, ఇది అసలు ఎవరూ రాయరు. ఈ దేశంలో ఏసీసీ అని ఒక పథకం ఉంది, దెబ్బ తగిలిన ప్రతివాడికీ, టూరిస్టుకైనా సరే, తప్పెవరిదని అడక్కుండా వైద్యం ఖర్చు ఇస్తుంది, చాలా గొప్ప పథకం, అబద్ధం చెప్పను. కానీ ఒంటికి గాయం లేకుండా మనసుకి మాత్రమే దెబ్బ తగిలితే, అదీ పనిచేసే చోటో, లైంగిక దాడి వల్లో కాకపోతే, అది లెక్కలోకి రాదు. తూటా తగిలినవాడికి వారం వారం జీతంలో వాటా వస్తుంది. వాడి పక్కనే శవాల కింద పడుకుని బతికినవాడికి రాదు. మార్చమని బాధితులు అడిగారు, మార్చలేదు. వేరే దారుల్లో కొంత సాయం ఇచ్చారు గానీ ఈ గీత అలాగే ఉంది.

కాబట్టి పుల్లట్టూ, మీ బావ మొత్తం తప్పు కాదమ్మా.

మెహదీపట్నం ముప్పై ఆరు:

సలాం అందరికీ. హైదరాబాద్ నుంచి. ఆ రోజు మాకు పొద్దున్న ఆరు గంటలు. ఫజర్ నమాజు అయి వచ్చి మళ్ళీ పడుకుందామనుకుంటే ఫోన్లు మొదలయ్యాయి. చనిపోయినవాళ్ళలో మన హైదరాబాద్ వాళ్ళు, కరీంనగర్ వైపు వాళ్ళు ఉన్నారు, ఇది చాలామందికి తెలీదు. గుజరాత్ వాళ్ళు, కేరళ అమ్మాయి కూడా. పేర్లు రాయను, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇక్కడ చదువుతూ ఉండొచ్చు.

మా మామూ కొడుకు అక్కడ టాక్సీ నడుపుతాడు. జుమ్మాకి వెళ్ళాల్సినవాడు ఎయిర్‌పోర్ట్ ట్రిప్ పడి వెళ్ళలేదు. వాడి రూమ్మేట్ లోపలే ఉన్నాడు, వెనక వైపు నుంచి గోడ దూకి పారిపోయాడు, ఒక్క గీత కూడా పడలేదు. నర్స్ అక్క చెప్పిన మాట చదివి నాకు వాడే గుర్తొచ్చాడు, తలుపు దబ్ మంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు, చాన్నాళ్ళు టాక్సీ ఎక్కలేకపోయాడు.

కానీ ఒక మంచి కూడా చెప్పాలి. ఏప్రిల్ నెలాఖరు రాకముందే ప్రభుత్వం ఒక స్పెషల్ వీసా తెరిచింది, ఆ రోజు మసీదుల్లో ఉన్నవాళ్ళకి, వాళ్ళ ఇంటివాళ్ళకి పర్మనెంట్ రెసిడెన్స్. అక్కడ వర్క్ వీసా మీద బతికేవాడికి దాని విలువ ఏంటో గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. భర్త పోతే అతని వీసా మీద వచ్చిన భార్య పిల్లల్ని తీసుకుని వెనక్కి రావాలా అనే టెన్షన్ పోయింది. ఆ రూమ్మేట్‌కి కూడా వచ్చింది. పుల్లట్టు భాయ్, బావకి ఫోటో కాదు, ఈ వీసా చూపించండి. కౌగిలింత ఒక్క నిమిషం, వీసా జీవితాంతం. (మా కజిన్‌కి రాలేదు, వాడు ఆ రోజు లోపల లేడు కదా. అల్లా కాపాడాడు అని అమ్మీ అంటుంది, వాడేమో వీసా పోయిందని ఇప్పటికీ జోకులేస్తాడు, మా ఇంట్లో ఏడుపు తక్కువ, జోకులు ఎక్కువ.)

అక్కడ వీల్‌చైర్‌లో ఉండే ఒకాయన ఉన్నారు. ఆయన భార్య ఆడవాళ్ళనీ పిల్లల్నీ బయటికి పంపేసి, భర్త కోసం వెనక్కి వచ్చి చనిపోయింది. ఆయన వాణ్ణి క్షమించానన్నారు. నేను ముస్లిమే, నేనైతే క్షమించలేను, ఆయన్ని చూస్తే మాత్రం తల వంచుతాను. క్షమించమని ఆయన్ని ఎవరూ అడగలేదు, అది గుర్తుపెట్టుకోవాలి. అలాంటప్పుడు పక్కనవాళ్ళు వచ్చి "క్షమించు, శాంతి" అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

దక్షిణ ద్వీపం:

మెహదీపట్నం భాయ్, మీరు రాసింది చదివి మా ఆవిడకి చూపించాను. తను అన్నది రాస్తున్నా, "మనం పూలు పెట్టి ఇంటికొచ్చాం, ఆ రూమ్మేట్ ఇంకా ఇంటికి రాలేదు" అంది.

నర్స్ గారి మాటకి చిన్న చేర్పు. తుపాకుల చట్టాన్ని కూడా ఇప్పుడు కొంచెం వదులు చేద్దామనే మాట వినిపిస్తోంది. ఆనాడు వ్యతిరేకంగా పడ్డ ఆ ఒక్క ఓటు వేసిన పార్టీ 2023 నుంచి ప్రభుత్వంలో భాగం. 2019లో ఎవరూ ఊహించలేదు ఇది.

పుల్లట్టు:

అందరికీ థాంక్స్ అండి, ఇంత వస్తుందనుకోలేదు. నేను లింక్ బావకి పంపాను. చదివాడు. తుపాకుల లెక్క దగ్గర "ఊఁ" అన్నాడు, వీసా దగ్గర ఏమీ అనలేదు, నర్స్ గారి పోస్ట్ మాత్రం రెండుసార్లు చదివి "చూశావా" అన్నాడు. మా బావ ఇక్కడ అకౌంట్ కూడా తెరుస్తున్నాడు, భరించండి.

పుల్లట్టు బావ:

నేనే ఆ బావని. మా బావమరిది నన్ను మరీ రాక్షసుణ్ణి చేసి రాశాడు. ఆ ఫోటో మీద నా అభిప్రాయం మారలేదు. కానీ ఇంతమంది ఇంత రాశారు, లిన్‌వుడ్ మసీదులో ఆ కార్డులు గీకే మెషిన్ తీసుకుని బయటికి పరిగెత్తినాయన గురించి ఒక్కరూ రాయలేదేం? మొన్న వాదన అయ్యాక రాత్రి కూర్చుని వెతికి చదివాను. అఫ్గానిస్తాన్‌లో పుట్టినాయన. చేతికి దొరికింది అదే, దాన్నే ఆ హంతకుడి మీదకి విసిరాడు, వాడు కారు దగ్గరికి ఇంకో తుపాకి కోసం పోతే వాడు పారేసిన ఖాళీ తుపాకి తీసి కారు అద్దం పగలగొట్టాడు. కొడుకులు లోపల ఉన్నారు. వాడు పారిపోయాడు, అందుకే అక్కడ ఏడుగురితో ఆగింది. వాడు ఇంకో ఊళ్ళో మసీదుకి కూడా పోదామనుకున్నాడట, దారిలో ఇద్దరు పోలీసులు కారుతో గుద్ది పట్టుకున్నారు. 2022లో ఆయనకి న్యూజిలాండ్ క్రాస్ ఇచ్చారు, అంటే అక్కడ మామూలు జనానికి ఇచ్చే అతి పెద్ద సాహస పతకం. అల్ నూర్‌లో వాడి మీదకి దూకి చనిపోయిన ఇంకొకాయనకి కూడా ఇచ్చారు.

ఆ పతకాలిస్తున్న ఫోటో మాత్రం నాకు నచ్చింది. నర్స్ గారూ, ఆ మనసు దెబ్బ రూలు ఇప్పటికీ అలాగే ఉందా?